గొలుసు మూలకాడ ఆగొద్దు

ఉట్నూర్ అడివిల కెల్లి లక్సెట్టిపేట దిక్కు దిగే పాత తొవ్వల ఒక మూల ఉంది. గొలుసు మూల అంటరు. పగటీలి పోతె అండ్ల భయపడేటిది ఏం కనవడది. ఒక పక్క గుట్ట, ఒక పక్క లోతు లొద్ది, నడుమ సడక్ ఒంకర తిరిగి కిందికి జారుతది. మలుపుకు జర ముందుగల్ల గుట్టను చెక్కి చదును చేసిన జాగ, దాని అంచుకు సున్నం కొట్టిన రాయి. గంతే. గని పొద్దుగూకినంక గా మూల పేరెత్తితె ఎంత మీసమున్న డ్రైవరైన గుటకలు మింగెటోడు.

అక్కడ బండి ఆపొద్దు... ఎనుకకు తిరిగి చూడొద్దు... బీడికట్ట ఒకటి లొద్దిలకు ఇసిరి, ఊపిరి బిగవట్టుకోని దాటిపోవాలె. ఇదీ అప్పటి పద్ధతి.

ఇప్పుడు పోయి చూడుండ్రి. లోడు లారీ ఏదైన ఆడ ఆగుతది. డ్రైవర్ దిగుతడు, బ్రేకు చూసుకుంటడు, తెల్ల రాయి మీద ముట్టిచ్చిన బీడి ఒకటి పెట్టి నిమ్మలంగ పోతడు. ఆగినోడు బతకడన్న జాగల ఇయ్యాల ఆగనోన్నే పిచ్చోడంటరు. గిది ఎట్ల మారిందంటె, నడుమ ఒక రాత్రి ఉంది. గా రాత్రి ముచ్చట విన్నది విన్నట్టు చెప్త. నమ్మితె నమ్ముండ్రి, లేకుంటె లేదు. నడుమల కిసకిస నవ్విండ్రో, లేసి పోత.

పోలీస్ యాక్షన్ అయి ఐదారేండ్లయింది అప్పటికి. సికింద్రాబాద్ల మిలిట్రోళ్లు పాత లారీలను లిలాం పెట్టిండ్రు. లడాయి ఒడిసింది, బండ్లు మిగిలినయి. టేకు మొద్దుల గుత్తేదార్లు పోయి అగ్గువకు కొనుక్కొచ్చిండ్రు. మందమైన ఇనుము, మనిషి ఛాతి దాక చక్రాలు, గుడ్ల గూబ కండ్ల లెక్క దీపాలు... అడివిల జనం తొలిసారి చూసి పొలిమేర దాక ఉరికిండ్రట.

మా కథల కైలాసం గట్లాంటి లారీ డ్రైవర్. మెట్‌పల్లి సాలోల్ల పిలగాడు. తాత ముత్తాతలు మగ్గం గుంతల కూసున్నోళ్లు. నూలుకు కరువొచ్చి మగ్గం మూలకు వడ్డది, కైలాసం లారీ ఎక్కిండు. డ్రైవింగ్ నేర్పింది ఇమాంసాబు. ఎనుకట నైజాం ఫౌజుల, అంటె సైన్యంల, లారీ నడిపిన మనిషి. తెల్ల గడ్డం, సన్న గొంతు, నోరు తెరిస్తె ముచ్చటే. ముట్టిచ్చిన బీడి ఏల్ల నడుమ పెట్టుకోని మాట్లాడుకుంట మాట్లాడుకుంట దమ్ము గుంజుడే మర్శిపోయెటోడు. బీడి ఆరేది. కైలాసం మల్ల ముట్టిచ్చి ఇచ్చెటోడు. మల్ల ఆరేది. ఒక్క బీడికి అగ్గిపెట్టె ఒడిసేది.

ఆ లారీలల్ల డ్రైవర్ ముంగట అరచెయ్యంత ఇత్తడి రేకు ఒకటి బిగించి ఉండేది. దాని మీద ఇంగ్లీషుల ఏందో చెక్కి ఉండేది. ఇమాంసాబు దాన్ని ఏలితోని కొట్టి చెప్పెటోడు.

"కైలాసం, గిది బండి నోరు రా. ఎడ్లకు బరువెక్కువైతె మొరాయిస్తయి, కింద కూలవడ్తయి. బండికి గా తెలివి లేదు. అందుకే రాసి పెట్టిండ్రు — మంచి సడక్ మీద ఇంత మోస్త, అడివి తొవ్వల ఇంతే మోస్త, ఎనుక కట్టి గుంజాలంటె ఇంకింత తక్కువ. దీని మాట ఇనాలె."

ఇన్నదెవలు? సేటు ఇంటడా? మొద్దుల గుత్తేదారు, పుట్టిచ్చినోడే చెప్పినా ఇనని రకం. "మిలిట్రీ బండి రా గిది! ఫిరంగి తోపులు గుంజింది. నా కట్టెలు గుంజదా?" అని రెండింతలు ఎక్కిచ్చెటోడు. "తోపు ఒక్కటే సేటూ, నీ మొద్దులు ఇర్వై తోపులంత ఉన్నయి" అని ఇమాంసాబు అంటె, దున్నపోతు మీద వాన పడ్డట్టే.

గా ఇమాంసాబే పోయిండు... గా మూలకాడనే.

కరాబైన లారీల కూసోని ఇస్టీరింగు పట్టిండు. ముంగటి లారీ గొలుసు కట్టి గుంజుకపోతుంది. రెండింట్ల నిండ మొద్దులు. ఆనాడు కైలాసం జరమొచ్చి మెట్‌పల్లిల పండుకోని ఉండె. తెల్లారి జనం పోయి చూస్తె ఎనుకటి లారీ లొద్దిల తలకిందులు పడి ఉంది. గొలుసు తునక ఒకటి సడక్ మీద, ఒకటి కింద చెట్టు కొమ్మకు ఏలాడవట్టె. ముంగటి డ్రైవర్ బతికిండు గని, గా దినం ఇడిసిన ఇస్టీరింగు మల్ల పట్టలే.

గప్పటిసంది ఆ మూలకు పేరొచ్చింది. రాత్రిపూట లోడు బండి దిగుతుంటె ఎనుక గొలుసు ఈడ్సినట్టు చప్పుడు... సర్ర్... సర్ర్... అని. ఆ ఎనుక సన్న గొంతు — "ఆపు... జర ఆపు..." అని. ఆపితె ఎక్కుతడు, ఎక్కితె దిగడు. డ్రైవర్లందరు గదే చెప్పుకున్నరు.

కైలాసం గూడ ఆపకపోయేది. ఉస్తాద్ అని పాణమిచ్చిన మనిషికి కూడ, బీడికట్ట ఇసిరి, కండ్లల్ల నీళ్లు దిరుగంగ దాటిపోయెటోడు. భయం గసొంటిది.

రెండేండ్లు గడిసినయి. మిరుగం కార్తె ముంగటి దినాలు. ఆ యేడు మొగులు ముందుగాలనే కమ్మింది. వాన పడ్డదంటె తొవ్వల వాగు పొంగుతది, ఇగ నాలుగు నెలలు అడివిల బండి కదలది. గసొంటి టైముల సేటు రెండో లారీ ఇంజను బిగుసుకపోయింది, నిండ మొద్దులతోని. దాని డ్రైవర్ రాజం, కైలాసం పెండ్లాం బాలలక్ష్మికి తమ్ముడు.

రాజం సంగతి జర చెప్పాలె. తల్లి తండ్రి గత్తర రోగమొచ్చి పోతె బాలలక్ష్మే సంకనేసుకోని పెంచింది. తన పెండ్లికి సుత "నా తమ్ముడు నా ఎంబడే వస్తడు, ఒప్పుకుంటెనే పీటల మీద కూసుంట" అన్న మనిషి. లారీ పనికి పోతనంటె ఒద్దని ఏడ్సింది. ఆఖరుకు మొగన్ని పిలిచి, "నా తమ్మున్ని నీ చేతుల పెడ్తున్న. వాడు లేకుంట నువ్వొక్కనివి ఇంటికి రాకు" అంది. నవ్వుకుంటనే అంది. గని కైలాసానికి ఆ మాట ముల్లు తీర్గ దిగింది.

"కట్టి గుంజుకరా" అన్నడు సేటు. "వాన రాకముందు రెండు బండ్లు మంచిర్యాల టేషన్ల ఉండాలె."

"మొద్దులు దించుత సేటూ. ఉత్త బండిని గుంజుకపోత."

"దించి, మల్ల ఎక్కియ్యాలంటె ఎన్ని దినాలు? అప్పటిదాక మొగులు నీ మాటిని ఆగుతదా?"

"అయితె గీ లారీ లోడన్న సగం తీస్త. రెండు లోడ్లు ఒక్క ఇంజను ఎట్ల గుంజుతది? మిలిట్రోళ్లు బండికి బండి కట్టె ఇనుప రాడ్డన్న ఇయ్యి. గొలుసు ఎక్కుడుకు పనికొస్తది గని దిగుడుకు పనికిరాది."

"రాడ్డు ఎప్పుడో తుక్కుకు అమ్మిన. నీకు చాతగాదంటె చెప్పు, ఇంకోన్ని ఎక్కిస్త. రాజం ఎట్లైన ఎనుక కూసుంటడు."

గా ఆఖరు మాటకు కైలాసం మనసుల లెక్కేసుకున్నడు. ఎట్లైన రాజం కూసునుడు తప్పదు, కరాబు బండికి ఇస్టీరింగు పట్టేటోడు కావాలె. ముంగట ఎవడో తాగుబోతు ఉండుడు కంటె తనుండుడు మేలు కదా. ఒప్పుకున్నడు.

రాజం లారీ బ్యాటరీ తీసి ముంగటి లారీకి బిగిచ్చిండ్రు. ఇగ ఎనుకటి బండికి దీపం లేదు, హారన్ లేదు. రాజం దగ్గర కందిలి ఒకటి పెట్టిండ్రు. కందిలి నిలకడగ ఉంటె అంత మంచిదే. ఊపిండంటె ఆపాలె. ముంగట కైలాసానికి మొద్దుల ఎత్తుకు ఎనుకది కనవడది. అందుకని క్లీనర్ రాయమల్లు తలుపు పట్టుకోని బయటికి ఒంగి ఆ కందిలినే చూడాలె. రాయమల్లు కైలాసం కంటె పెద్దోడు, సుల్తానాబాద్ కాడి మనిషి. పని మంతుడే గని దయ్యం పేరెత్తితె గజగజ.

ఇంకో సంగతి. గా ఇత్తడి రేకు అంటె రాయమల్లుకు తాయెత్తసొంటి యంత్రం. "గిది తెల్లోడు కట్టిచ్చిన రక్ష కైలాసం. లడాయిల గిన్ని గుండ్లు పడ్డా బండికేం కాలేదంటె ఊకెనేనా?" అనెటోడు. దసరకు దసరకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, నూనె పూసి, దాని మీద మల్ల పసుపు... రేకు మీది అచ్చరాలు ఎన్నడో కప్పుకపోయినయి. బండి నోట్ల మట్టి కొట్టి, దానికే దండం పెట్టెటోడు. బయలెల్లే ముంగట ఆ రాత్రి గూడ పెట్టిండు.

బయలెల్లిండ్రు. అడివి చీకటి... మొగులు కింద చిక్క చీకటి. ఎక్కుడు ఉన్నంత సేపు గొలుసు బిర్రుగ ఉంది. ఇంజను ఏడుసుకుంట ఎక్కింది, నీళ్లు కాగి బుసబుస పొగలు. ఎట్లనో గుట్ట నెత్తి మీదికి చేరిండ్రు. రాయమల్లు ఒంగి చూసి, "కందిలి మంచిగున్నది" అన్నడు.

ఇగ దిగుడు మొదలైంది.

కైలాసం రెండో గేర్ల పెట్టిండు. బ్రేకు మీద కాలు తీస్తలేడు. ఎంత తొక్కినా బండి వాడు చెప్పినట్టు ఇంటలేదు. లోపలికెల్లి ఎవలో తోస్తున్నట్టు ముంగటికే పోతుంది. కాలిన బ్రేకు వాసన ముక్కులకొట్టింది.

దూరంగ మెరుపు మెరిసింది. ఆ ఎలుగుల కింద ఒంపు కనవడ్డది... తెల్ల రాయి.

రాయమల్లు తలకాయ లోపలికి గుంజుకున్నడు. తలుపు ఏసుకున్నడు. తువ్వాల మొకం మీద కప్పుకున్నడు.

"కందిలి చూడు రాయమల్లన్న."

"గొలుసు మూలొచ్చింది... ఎనుకకు చూడొద్దు."

"మనోడున్నడన్న ఎనుక!"

"నీ కాల్మొక్త కైలాసం. గీ మూల దాటినంక చూస్త. జల్ది దాటియ్యి..."

అప్పుడు వినవడ్డది.

సర్ర్... సర్ర్...

గొలుసు ఈడ్సే చప్పుడు. దగ్గర్నే... కాళ్ల కిందనే ఉన్నట్టు.

కైలాసం పై పాణాలు పైన్నే పోయినయి. పద్ధతి పద్ధతే కదా... తెల్వకుంటనే కాలు బ్రేకు మీదికెల్లి లేశింది. బండి ముంగటికి దుంకింది. చప్పుడు ఆగింది.

"అగో, పోయిండు" అన్నడు రాయమల్లు తువ్వాల లోపలికెల్లి. "ఇంకింత జల్ది పోనియ్యి. బీడికట్ట ఏది?"

జల్ది పోతె ముంగట మలుపు ఉంది. కైలాసం మల్ల బ్రేకు తొక్కిండు. తొక్కంగనే —

సర్ర్... సర్ర్... సర్ర్...

అప్పుడు, చెవి పక్కన్నే, ఊపిరి తాకినంత దగ్గర —

"కైలాసం... ఆపు."

చెమట పట్టిన వీపు మీద మంచు పోసినట్టయింది. కైలాసం కండ్లు గట్టిగ మూసి తెరిసిండు. పక్కకు చూస్తె రాయమల్లే. మొకం మీద తువ్వాల.

"వినవడ్డదా రాయమల్లన్న?"

"నాకేం వినవడలే. నేనేం ఇనలే. ఆపకు... ఆపినవో సచ్చినమే."

మల్ల వచ్చింది. ఈసారి జర గట్టిగ, కోపం జేసినట్టు —

"కైలాసం! ఆపు."

ముందు నుయ్యి ఎనుక గొయ్యి అంటె గిదే. ఆపితె దయ్యం... ఆపకుంటె మలుపు. కైలాసం గుండె దడదడ కొట్టుకుంటుంది. గని చెవులు మాత్రం ఇంకో దిక్కున్నయి. గొలుసు చప్పుడు మీద ఉన్నయి. బ్రేకు తొక్కితె వస్తుంది... ఇడిస్తె పోతుంది. తొక్కితె వస్తుంది... ఇడిస్తె పోతుంది. దయ్యానికి నా బ్రేకుతోని ఏం పని?

సాలోని కొడుకు కదా. పడుగు బిర్రుగ ఉంటె చప్పుడు చెయ్యదని, సడలితెనే కింద రాకుతదని చిన్నప్పటి కెల్లి తెల్సు. గొలుసు సడలింది! ఎక్కుడుల బిర్రుగ ఉన్న గొలుసు ఇప్పుడు సడలి సడక్ మీద ఈడ్సుకుంట వస్తుంది. సడలిందంటె... ఎనుకటి బండి మీదికొస్తుంది. దాని బ్రేకు పోయినట్టుంది. గొలుసు గుంజుతది గని ఆపుతదా?

రాజం!

కందిలి ఊపుతుండొచ్చు. ఎప్పటిసంది ఊపుతుండో. ఇక్కడ చూడాల్సినోడు మొకం కప్పుకోని కూసున్నడు. "వాడు లేకుంట నువ్వొక్కనివి ఇంటికి రాకు"... బాలలక్ష్మి నవ్వు మొకం కండ్ల ముంగట మెదిలింది.

గట్టిగ బ్రేకు కొడితె ఎనుకది వచ్చి గుద్దుతది, రాజం నుజ్జు నుజ్జయితడు. ఇడిస్తె ఇద్దరు లొద్దిల. అప్పుడు ఉస్తాద్ మాట యాదికొచ్చింది. ఏ గేర్ల ఎక్కుతవో గా గేర్లనే దిగు, బండి పట్టకపోతె గుట్టను పట్టుకో, లొద్దిని చూడకు. కైలాసం ఒకటో గేర్ల గుద్దిండు. ఇంజను ఒర్రింది, లారీ నడుము ఇరిగినట్టు కిర్రుమన్నది. వేగం తగ్గింది. ఎనుక ధబ్బుమని తాకింది... రాజం బండి మూతి. కైలాసం బ్రేకును పూర్తిగ తొక్కలే, ఇడువలే. మీదికొచ్చే ఎద్దుకు భుజమిచ్చి ఆపినట్టు ఆ బరువును బండి మీద పట్టుకున్నడు.

"ఏం చేస్తున్నవ్ రా? ఆపకు! ఆపకు!" రాయమల్లు తువ్వాల తీసి చెయ్యి పట్టుకున్నడు.

"చెయ్యి తియ్యి!"

తెల్ల రాయి వచ్చింది. దాని ఎనుక చదును జాగ. రెండేండ్ల సంది ఏ బండి చక్రం పెట్టని జాగ. కైలాసం ఇస్టీరింగు మొత్తం గుట్ట దిక్కు తిప్పిండు. చక్రాలు గడ్డిల దిగినయి, ఎనుకది తోసుకుంట తోసుకుంట వచ్చింది, ముంగటి మూతి గుట్ట మట్టిల పోయి కుచ్చుకుంది. మొద్దులు కటకట కదిలినయి...

ఆగింది.

ఇంజను సుత ఆగింది. అడివిల ఒక్క పురుగు కూత లేదు.

కైలాసం దిగి ఎనుకకు ఉరికిండు. కందిలి కింద పడి గాజు పలిగింది. ఎనుకటి లారీ మూతి సొట్టపోయి ఉంది. లోపల రాజం ఇస్టీరింగు కరుసుకోని కూసున్నడు, కండ్లు తెర్సుకోని.

"రాజం... ఓ రాజం!"

రాజం పెదవులు కదిలినయి, మాట రాలే. కైలాసం తలుపు తీసి కిందికి గుంజి, ఛాతికి అదుముకోని బోరున ఏడ్సిండు. మొగోడు ఏడ్సుడేందని అనుకుంటరేమో. అనుకోండ్రి.

జర సేపటికి రాజానికి గొంతొచ్చింది. అదీ గొంతు కాదు, గర గర. "దిగుడు మొదలైనప్పుడే బ్రేకు తొక్కితె కాలు నేలకు తాకింది బావా... ఊపిన బావా, కందిలి. చెయ్యి గుంజుకపోయేదాక ఊపిన. ఒర్రిన... ఒర్రి ఒర్రి గొంతే పోయింది."

రాయమల్లు అప్పుడొచ్చిండు. సంగతి సముజైంది. కింద కూలవడి నెత్తి కొట్టుకున్నడు. "నేనే సంపుదును కదరా పోరన్ని. మొకం దాసుకుంటి. థూ, నా బతుకు చెడ!"

కైలాసానికి కోపం నషాళానికెక్కింది. తిడుదామని నోరు తెరిసిండు. తన కాలు గూడ బ్రేకు మీదికెల్లి లేశింది యాదికొచ్చి నోరు మూసుకున్నడు.

"ఏడ్వకు రాయమల్లన్న. దయ్యం లేదు గియ్యం లేదు. గొలుసు సడలితె వచ్చే చప్పుడది. ఒర్రింది మా రాజం. రెండేండ్ల సంది ఉత్తగనే భయపడ్డం."

రాళ్లు ఏరుకొచ్చి ఎనుకటి బండి చక్రాల కింద పెట్టిండ్రు. గొలుసు ఇప్పిండ్రు.

"గీ బండి ఈన్నే ఉంటది" అన్నడు కైలాసం. "వాన పోయినంక సేటు రాడ్డు తెచ్చుకోని, ఉత్త బండిని గుంజుకపోనీ. మన లోడు గూడ సగం దించుదాం."

"సేటు ఊకుంటడా?" అన్నడు రాయమల్లు.

"ఊకోడు. నౌకరి పోతది. పోనీ... మగ్గం గుంత ఇంక పూడిపోలేదు."

మీది వరస మొద్దులకు కట్టిన తాళ్లిప్పి, గుట్ట వాలు దిక్కు ఒక్కొక్కటి దొర్లిచ్చిండ్రు. చేతులు కొట్టుకపోయినయి. పనైనంక కైలాసం లారీ ఎక్కి, తువ్వాల తడిపి, ఆ ఇత్తడి రేకు మీది పసుపు, నూనె, కుంకుమ అంత గీకి గీకి తుడిసిండు. రాయమల్లు చూసుకుంట నిలవడ్డడు గని అడ్డం చెప్పలే. అచ్చరాలు తేలినయి. ముగ్గుర్ల ఒక్కనికి సుత ఇంగ్లీషు రాదు. అయినా బండి నోరు తెరుసుకున్నట్టయిందట కైలాసానికి.

రాయి పక్కన చితుకులు ఏసి మంట పెట్టుకున్నరు. వాన ఇంకా రాలే. గాలి గూడ లేదు, ఉక్క. రాయమల్లు బీడీలు తీసి పంచిండు, లొద్దిలకు ఇసురుదామని తెచ్చిన కట్టల కెల్లి. భయం దిగినంక మనిషికి పరాష్కాలు పుడ్తయి. కైలాసం రాజం నెత్తి మీద చిన్నగ మొట్టిండు.

"అంత భయమైందా రా? పొయ్యి మీ అక్కకు చెప్త ఆగు... నీ తమ్ముడు బావను పేరు వెట్టి పిలిచిండని."

రాజం అర్థంగానట్టు చూసిండు. "పేరా?"

"కైలాసం, ఆపు... కైలాసం, ఆపు అనుకుంట. రెండుసార్లు. చెవుల పక్క కూసోని చెప్పినట్టె వినవడ్డది."

రాజం చేతుల బీడి అట్లనే ఆగింది.

"అక్క మీద ఒట్టు బావా" అన్నడు మెల్లగ. "ఒర్రిన ప్రతిసారి బావా అనే ఒర్రిన. నీ పేరు నా నోటికి వస్తదా? నిన్ను నేను ఎన్నడన్న పేరు వెట్టి పిలిచిన్నా?"

మంటల చితుకు ఒకటి చిటుక్కుమన్నది. రాయమల్లు జరిగి జరిగి కైలాసం భుజానికి ఆనుకున్నడు.

కైలాసం తెల్ల రాయి దిక్కు చూసిండు. ఆ ఎనుక లేసి, బీడి ఒకటి ముట్టిచ్చి, తను తాగకుంట, రాయి మీద పెట్టిండు. "ఉస్తాద్... ఆపిన" అన్నడు. వచ్చి మంటకాడ కూసున్నడు.

బీడి గుణం మీకు తెల్వంది కాదు. దమ్ము గుంజకపోతె ఆరిపోతది.

గది ఆరలే. ముగ్గురు చూస్తుండంగనే, ఎర్రగ... జర ఆగి, మల్ల ఎర్రగ... కొసదాక కాలింది.